హాలీ సిక్కా – కల్దారు మారకం: ఒక చారిత్రక పరిశీలన

కొద్దికాలం క్రిందట మాసబ్ ట్యాంక్ నివాసి ఒకరు తమ ఇంటి పాత కాగితాలలో దొరికిన ఒక నికాహ్‌నామా నకలు తీసుకొని వచ్చారు. అది 1345 ఫస్లీ నాటిది, అనగా క్రీ.శ. 1935–36. వధువు ఆయనకు అమ్మమ్మ. మహర్ వెయ్యి రూపాయలు. అంకె ప్రక్కనే ఉర్దూలో "సిక్కా హాలీ" అని వ్రాసి ఉన్నది. ఆ మహర్ చెల్లించినట్లు ఎక్కడా ఆధారం లేదు. చెల్లించని మహర్ భర్త మీద ఋణమనీ, ఆస్తి పంచుకొనడానికి ముందే దానిని తీర్చవలెననీ పాఠకులకు తెలిసినదే. తాతగారి ఇల్లు ఇప్పుడు పంపకానికి వచ్చింది. ఆయన అడిగిన ప్రశ్న చాల చిన్నది: "ఆ వెయ్యి ఇప్పుడు ఎంత?"

సమాధానం చెప్పబోయి, ఒక్క మాటలో తేలేది కాదని గ్రహించాను. హైదరాబాదు రాజ్యంలో చాల కాలం రెండు రూపాయలు నడిచినవి. ఒకటి నిజాం ప్రభుత్వపు హాలీ రూపాయి, రెండవది ఇంగ్లీషు ప్రభుత్వపు కల్దారు రూపాయి. ఈ రెంటి మధ్య మారకం 116 రూపాయల 10 అణాల 8 పైలు అని మన పెద్దలు నోటికి చెప్పేవారు. నూరు కల్దారుకు అన్ని హాలీ రూపాయలు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు గనుక ఇది సరిగా ఏడుకు ఆరు. ఏడు హాలీలు ఇస్తే ఆరు కల్దారులు. ఈ నిష్పత్తి ఎక్కడి నుండి వచ్చింది, ఎవరు నిలబెట్టారు, దానివలన ఎవరు ఏమి పొందారు, ఏమి పోగొట్టుకున్నారు అనునదే ఈ వ్యాస విషయం.

ముందుగా మాటలు చూద్దాం. "హాలీ" అనునది "హాల్" నుండి వచ్చింది. హాల్ అంటే వర్తమానం. హాలీ సిక్కా అంటే ప్రస్తుతం చెల్లుబాటయ్యే నాణెం. "కల్" అంటే యంత్రం. ఇంగ్లీషువారి రూపాయి యంత్రంపై ముద్రించబడి అంచున గీతలతో ఉండేది గనుక కల్దారు అయింది. ఈ రెంటిని మార్చి ఇచ్చే షరాబు మాటకు మూలం అరబీలోని "సర్రాఫ్". నాణెమును నాణెముతో మార్చుకొనుటకు ఫిఖ్‌హ్ గ్రంథాలలో "సర్ఫ్" అని పేరు. మన తెలుగు పల్లెలలో షరాబు అని పిలిపించుకున్న వాని వృత్తికి షరీఅత్‌లో ఒక ప్రత్యేక అధ్యాయమే ఉన్నదన్నమాట.

పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధంలో ఈ రాజ్యంలో నాణేల పరిస్థితి అస్తవ్యస్తం. ఫర్ఖుందా బునియాద్ హైదరాబాదు టంకశాల ఒకటి ఉన్నా, గద్వాల రూపాయి వేరు, నారాయణపేట రూపాయి వేరు, మరికొన్ని చోట్ల మరికొన్ని. తూకంలో తేడా, వెండిలో తేడా. ఒక తాలూకాలో పుచ్చుకున్న రూపాయిని ప్రక్క తాలూకాలో ఇచ్చేటప్పటికి షరాబు వట్టం కట్టించుకొనేవాడు. శిస్తు కట్టే రైతు రెండుసార్లు నష్టపడేవాడు, ధాన్యం అమ్మేటప్పుడు ఒకసారి, ఆ డబ్బును సర్కారు ఒప్పుకొనే నాణెంగా మార్చేటప్పుడు మరొకసారి. 1835లో ఈస్టిండియా కంపెనీ తన ప్రాంతాలన్నింటికి ఒకే రూపాయి ఏర్పరచింది. దాని తూకం 180 గ్రెయిన్లు, అనగా సరిగా ఒక తులం. అందులో పన్నెండింట పదకొండు వంతులు శుద్ధమైన వెండి. చుట్టూ ఇటువంటి స్థిరమైన నాణెం ఉండగా మధ్యలో పది రకాల రూపాయలు నడవడం అసాధ్యమైంది.

1853లో దీవాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ ఈ గందరగోళాన్ని చక్కదిద్దడానికి పూనుకున్నాడు. ప్రైవేటు టంకశాలలను మూయించి, నాణెం ముద్రించే అధికారాన్ని రాజధానికే పరిమితం చేశాడు. 1857 వరకు నిజాం నాణేలపై మొగలు చక్రవర్తి పేరే ఉండేది. ఢిల్లీ సింహాసనం కూలిన తరువాత అఫ్జలుద్దౌలా కాలంలో ఆ పేరు పోయి "నిజాముల్ముల్క్ ఆసఫ్ జాహ్ బహాదుర్" అని వచ్చింది. దానితోబాటు 92 అనే అంకె కూడ వచ్చింది. అబ్జద్ లెక్కలో మీము 40, హే 8, మళ్ళీ మీము 40, దాలు 4, వెరసి 92. అది ముహమ్మద్ (స) నామపు సంఖ్య. చక్రవర్తి పేరు తీసివేసిన చోట మరొక మానవ ప్రభువు పేరు పెట్టడానికి సంకోచించిన కాలమది. నాణెములు సేకరించే వారిలో చాలమంది ఆ అంకెను ఏదో సంవత్సరమని పొరపడుతుంటారు.

ఇక ముఖ్య విషయం. హాలీ రూపాయి తూకం సుమారు 11.18 గ్రాములు. అందులో శుద్ధమైన వెండి నూటికి 81.8 వంతులు, అనగా 9.14 గ్రాములు. కల్దారు తూకం 11.66 గ్రాములు, అందులోని శుద్ధమైన వెండి 10.69 గ్రాములు. ఇప్పుడు గుణించి చూడండి. నూరు కల్దారులలో వెండి 1069 గ్రాములు. నూట పదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైల హాలీలో వెండి 1067 గ్రాములకు కొంచెం తక్కువ. కిలో పైబడిన వెండిలో తేడా రెండున్నర గ్రాములకు మించదు. ఏడుకు ఆరు అనునది ఎవరో దర్బారులో కూర్చొని ఊహించిన అంకె కాదు. రెండు నాణేల కడుపులోని వెండిని తూచితే వచ్చే అంకె. లెక్కకు అనుకూలంగా ఉండేటట్లు కొద్దిగా సవరించబడింది, అంతే.

అయితే మారకం ఎల్లప్పుడు అక్కడే నిలిచిందని అనుకోరాదు. 1893 జూన్‌లో ఇంగ్లీషు ప్రభుత్వం ప్రజలు తెచ్చే వెండిని రూపాయలుగా ముద్రించి ఇచ్చే పద్ధతిని నిలిపివేసింది. అప్పటికి ప్రపంచమంతటా వెండి ధర పడిపోతున్నది. టంకశాల తలుపులు మూయడంతో కల్దారు విలువ వెండి ధరకు కట్టుబడక దానిపై నిలిచింది. హైదరాబాదు టంకశాల మాత్రం అప్పటికి తెరిచే ఉన్నది. అందుచేత హాలీ, పడిపోతున్న వెండితో పాటు తానూ జారింది. మారకం నూట పదహారును దాటి చాల దూరం పోయింది. నెల జీతం హాలీలో తీసుకొని, బొంబాయి నుండి వచ్చే సరుకును కల్దారు ధరలో కొనుక్కొనే గృహస్థు సంగతి చెప్పనక్కరలేదు. చివరకు హైదరాబాదు కూడ ప్రజల వెండికి టంకశాల మూయక తప్పలేదు. 1903లో సైఫాబాదులో నూతన టంకశాల ఏర్పడింది. నాలుగు మీనార్ల చిత్రంతో కొత్త మహబూబియా రూపాయి యంత్రంపై అచ్చయి వచ్చింది. చార్మినారు కమాను లోపల మహబూబ్ పేరులోని "మీము", తరువాతి నిజాం కాలంలో ఉస్మాన్ పేరులోని "ఐను" చూడవచ్చు. హాలీ సిక్కాకు ఉస్మానియా సిక్కా అని పేరు వచ్చినది ఆ తరువాతనే. నాటి నుండి ప్రభుత్వమే అవసరాన్ని బట్టి కల్దారులు కొని, అమ్మి, మారకాన్ని 116-10-8కి చుట్టుప్రక్కల నిలబెడుతూ వచ్చింది. ఇది గమనించదగిన విషయం. 1893కు పూర్వం వెండి తనకు తాను నిర్ణయించిన నిష్పత్తిని, ఆ తరువాత ప్రభుత్వం పూనికతో కాపాడవలసి వచ్చింది. నిష్పత్తి ఒకటే గాని దాని వెనుకనున్న హామీ మారింది.

ఆ సైఫాబాదు టంకశాలకు మాసబ్ ట్యాంక్ దూరం కాదు. మాసబ్ ట్యాంక్ అసలు "మా సాహెబా తలాబ్". సుల్తాన్ ముహమ్మద్ కుతుబ్‌షా భార్యయు, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లియు అయిన హయాత్ బక్షీ బేగంను ప్రజలు మా సాహెబా అని పిలిచేవారనీ, చెరువుకు ఆ పేరే నిలిచిందనీ ప్రతీతి. ఇక్కడి నుండి ఖైరతాబాదు మీదుగా హుస్సేన్‌సాగర్ కట్ట దాటి సికిందరాబాదు చేరితే, నిన్నటి తరం వారికి అది మరొక నాణెపు ఊరు. కంటోన్మెంటులో కల్దారే నడిచేది. రెసిడెన్సీ బజార్లు కూడ 1933 వరకు ఇంగ్లీషువారి అధికారం క్రిందనే ఉండేవి. ఒక మనిషి ఉదయం ఇంటి నుండి బయలుదేరి చెరువు కట్ట మీదుగా నడిచి వెళ్ళి, మధ్యాహ్నానికి వేరొక రూపాయి ఉన్న చోటికి చేరేవాడు. జేబులోని ఏడు రూపాయలు కట్ట అవతల ఆరు. సరిహద్దు కాపలావాడు లేడు, షరాబు మాత్రం ఉన్నాడు.

ఈ ఏడు-ఆరు లెక్క జీవితంలోని పెద్ద పనులలో కూడ తగిలేది. హజ్‌కు వెళ్ళదలచినవాడు ఏడు వందల హాలీలు కూడబెట్టుకుంటే బొంబాయి ఓడరేవులో అవి ఆరు వందలు. మక్కాలో బస చేయడానికి నిజాం ప్రభువులు కట్టించిన రుబాత్ ఉన్నది గాని, అక్కడికి చేర్చే ఓడకు కిరాయి కల్దారులోనే. బ్రిటిషు ఇండియా నుండి వచ్చి ఇక్కడ కొలువు చేసిన కొందరు అధికారులు జీతం కల్దారులో ఇవ్వవలెనని ఒప్పందం చేసుకొనేవారు. అదే కచేరీలో ప్రక్క బల్ల వద్ద కూర్చున్న స్థానికుడు అదే అంకెను హాలీలో పుచ్చుకొనేవాడు. రాజ్యానికి వచ్చే సొమ్ములో మాత్రం ఈ తేడా లాభంగా కనబడేది. 1902లో బేరారును శాశ్వత కౌలుకు తీసుకున్న ఇంగ్లీషువారు ఏటా 25 లక్షల కల్దారు ఇస్తామన్నారు. ఖజానా పుస్తకంలో అది హాలీగా మారితే 29 లక్షలు దాటుతుంది. అంకె పెరిగిందని సంతోషించడానికి ఏమీ లేదు, పోయిన రాజ్యభాగం పోయినదే.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో వెండి దొరకడం కష్టమైంది. సంస్థానాలు కాగితపు డబ్బు వేయడానికి అంతవరకు అంగీకరించని ఇంగ్లీషువారు, యుద్ధంలో హైదరాబాదు చేసిన సహాయాన్ని కూడ దృష్టిలో ఉంచుకొని, 1918లో ఒప్పుకున్నారు. మొదట పది, నూరు రూపాయల నోట్లు, 1919లో ఒకటి, అయిదు రూపాయల నోట్లు, 1926లో వెయ్యి రూపాయల నోటు వచ్చినవి. వీటిని లండన్‌లో వాటర్లో అండ్ సన్స్ సంస్థ అచ్చు వేసేది. 1922 మేలో "ఈజిప్టు" అనే ఓడ ఫ్రాన్సు తీరం దగ్గర మరొక ఓడను ఢీకొని మునిగిపోయింది. దానిలో బంగారం, వెండితో పాటు నిజాం నోట్ల కట్టలు కూడ ఉన్నవి. పది సంవత్సరాల తరువాత ఇటాలియన్లు బంగారం కోసం ఆ ఓడను వెదికినప్పుడు సముద్రం అడుగు నుండి ముందుగా పైకి వచ్చిన వాటిలో ఈ నోట్లు ఉన్నవట. సంతకాలు లేనివి గనుక అవి వట్టి కాగితాలే. డబ్బుకు హామీ ఎక్కడ ఉంటుందో ఆలోచించేవారికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు.

1942లో హైదరాబాదు స్టేట్ బ్యాంకు పని ప్రారంభించి నోట్ల బాధ్యత స్వీకరించింది. అప్పటికి కల్దారు కూడ పూర్వపు కల్దారు కాదు. 1940లో దానిలోని వెండిని సగానికి తగ్గించారు. 1947లో నికెల్ రూపాయి వచ్చింది. వెండి తప్పుకున్నా ఏడు-ఆరు మాత్రం తప్పుకోలేదు. 1947 నవంబరు 29న యథాతథ ఒడంబడిక కుదిరిన కొన్ని వారాలలోనే నిజాం ప్రభుత్వం భారత రూపాయి తన రాజ్యంలో చెల్లదని ఆర్డినెన్సు చేసింది. భారత ప్రభుత్వం దీనిని ఒడంబడిక ఉల్లంఘనగా పరిగణించింది. నాటి రాజకీయ ఉద్రేకాల మధ్య నాణెం కూడ ఒక జెండాగా మారింది. 1948 సెప్టెంబరు తరువాత ఆ ప్రశ్న ముగిసింది. 1950 నుండి భారత రూపాయి హాలీతో బాటు అదే నిష్పత్తిలో చలామణి అయింది. కొత్త హాలీ వేయడం ఆగిపోయి, ఆ దశాబ్దం ముగిసేసరికి హాలీ పూర్తిగా తెరమరుగైంది.

ఇప్పుడు షరీఅత్ వైపుకు రావలెను. వెండికి వెండి మార్చుకొనేటప్పుడు సమానంగా, చేతికి చేయిగా ఉండవలెనని దైవప్రవక్త (స) ఆదేశం. ఎక్కువ తక్కువలు వడ్డీ క్రిందికి వస్తాయి. నాణ్యత తక్కువ ఉన్నది గనుక ఎక్కువ ఇస్తామనే వాదన కూడ చెల్లదు. హజ్రత్ బిలాల్ (ర) నాసిరకపు ఖర్జూరం రెండు కొలతలిచ్చి మంచి ఖర్జూరం ఒక కొలత తెచ్చినప్పుడు ప్రవక్త (స) దానిని వారించి, నాసిరకం అమ్మి ఆ సొమ్ముతో మంచిది కొనవలెనని బోధించారు. నాణెంలో వెండి అధిక భాగమైతే దానిని మొత్తం వెండిగానే పరిగణించడం హనఫీ నియమం. ఆ ప్రకారం చూస్తే నూరు కల్దారు 1166 గ్రాములు, దానికి బదులుగా వచ్చే హాలీ 1304 గ్రాములు. శుద్ధమైన వెండి సమానమైనా తూకం సమానం కాదు. ఈ చిక్కును విప్పడానికి తక్కువ వైపున రాగి పైసలు చేర్చి ఇవ్వడాన్ని హనఫీ ఫఖీహులు అనుమతించారు. షాఫయీలు అంగీకరించలేదు. హద్రమౌత్ నుండి వచ్చి బర్కస్‌లో స్థిరపడిన అరబ్బులు షాఫయీలని గుర్తుంచుకుంటే, ఒకే నగరంలో ఒకే షరాబు అంగడి ముందు ఇద్దరు ముస్లిములకు రెండు విధాల జవాబు రాగల ప్రశ్న ఇది. నా దృష్టిలో ఏడు-ఆరు నిష్పత్తి అన్యాయమైనది కాదు. లోపలి వెండిని అది దాదాపు సరిగా తూచింది. అన్యాయం ఉన్నదంతా దాని మీద షరాబు పుచ్చుకున్న వట్టంలోనూ, 1893 తరువాత మారకం జారిన ఆ కొన్ని సంవత్సరాలలోనూ ఉన్నది.

చలామణి ఆగిన నాణెంలో ఉన్న ఋణం విషయం మరింత క్లిష్టమైనది. ఇమాం అబూ హనీఫా (రహ్) అభిప్రాయంలో అప్పు తీసుకున్నది ఏ నాణెమో ఆ నాణెమే తిరిగి ఇవ్వవలెను. ఇమాం అబూ యూసుఫ్ (రహ్) వ్యవహారం జరిగిన నాటి విలువ ఇవ్వవలెనన్నారు. ఇమాం ముహమ్మద్ (రహ్) ఆ నాణెం చెల్లిన చివరి రోజు విలువ అన్నారు. పందొమ్మిదవ శతాబ్దపు డమాస్కస్ పండితుడు ఇబ్నె ఆబిదీన్ (రహ్) తన కాలంలో సుల్తాను ఫర్మానాలతో నాణేల విలువలు మాటిమాటికి మారుతుండగా ఈ సమస్య మీద ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథమే వ్రాశారు. ఈ అభిప్రాయభేదం ముఖ్యంగా రాగి నాణేలకు, వెండి తక్కువగా కలిసిన నాణేలకు సంబంధించినది. వెండి అధికంగా ఉన్న హాలీ రూపాయిని ఏ తరగతిలో చేర్చవలెననేదే ఇక్కడ అసలు ప్రశ్న.

ఆ నికాహ్‌నామా తెచ్చినవారికి నేను కాగితం మీద రెండు లెక్కలు వేసి ఇచ్చాను. హాలీని ప్రభుత్వ మారకంలో మార్చితే 857 రూపాయల 14 పైసలు. నేటి కాలంలో అది ఒక పూట వంటసరుకుల ఖరీదు. హాలీని వెండిగా తీసుకుంటే తొమ్మిది కిలోల 143 గ్రాములు, పాత తూకంలో 784 తులాలు. దాని ఖరీదు లక్షలలో ఉంటుంది. ఒకే కాగితం మీది ఒకే అంకెకు ఈ రెండు అర్థాలు. 1935–36 నాటికి నోట్లు వచ్చి పదిహేడు సంవత్సరాలు దాటింది గనుక, ఆ వెయ్యిని వరుడు కాగితంగా ఇవ్వదలచాడా, నాణెంగా ఇవ్వదలచాడా అన్నది కూడ చూడవలసిందే. అయితే నాటి హాలీ నోటు వెనుక వెండి నాణెం ఇస్తామనే హామీ ఉన్నది. ఆ హామీని లెక్కలోకి తీసుకొనకపోవడం ఆ స్త్రీ హక్కును తగ్గించడమే అవుతుందని నా అభిప్రాయం. తీర్పు చెప్పవలసినవారు ముఫ్తీలు.

ఆయన కాగితాన్ని మరోసారి చదివి ఒక సందేహం అడిగారు. ఇతర నికాహ్‌నామాలలో "సిక్కె రాయిజుల్ వక్త్" అని ఉంటుంది కదా, అనగా ఆ కాలంలో చెల్లే నాణెం అని. ఇక్కడ "హాలీ" అని ఎందుకు ఉన్నది? రెండు మాటలకూ నిఘంటువులో అర్థం దాదాపు ఒకటే, వర్తమాన నాణెం అని. కాని 1935 నాటికి హాలీ అనేది అర్థం పోయి పేరుగా స్థిరపడింది. వ్రాసిన ఖాజీ ఏది చెల్లితే అది అని వ్రాయలేదు, ఫలానా రూపాయి అని పేరు పెట్టి వ్రాశాడు. కల్దారు కాదు అని చెప్పడానికే అలా వ్రాసి ఉంటాడు. ఆనాడు అది వధువుకు ఏడింట ఒక వంతు తక్కువ. ఈనాడు అదే మాట ఆమె వారసులకు వెండిని అడిగే ఆధారమైంది.

ఇంట్లో పెట్టె అడుగున చార్మినారు రూపాయలు పదకొండు ఉన్నవనీ, అమ్మమ్మ వాటిని ఎన్నడూ మార్చనీయలేదనీ ఆయన చెప్పారు. వాటిలో ఒకటి తీసుకొని కంసాలి వద్ద తూచి, వెండి ఎంత ఉన్నదో పరీక్ష చేయించి, ఆ చీటీని నికాహ్‌నామాతో జతపరచి ముఫ్తీ గారి వద్దకు తీసుకొని వెళ్ళమన్నాను.